గని గుట్టకు రెండో పని

పశ్చిమ ఆస్ట్రేలియాలోని మౌంట్ కీత్ గనిలో నికెల్ తీసేశాక మిగిలిన రాతిపిండి ఆరుబయట పరుచుకుని ఉంది. దానిమీద అక్కడక్కడా తెల్లటి పెచ్చు కడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ రాతిలోని మెగ్నీషియంతో కలిసి గట్టిపడ్డ హైడ్రోమాగ్నసైట్ అందులో ఉంటుంది. గని నడుస్తున్న రోజుల్లో, ఎవరూ పూనుకోకుండానే ఏటా సుమారు 40,000 టన్నుల వాయువు ఇలా బందీ అవుతోందని 2014లో పరిశోధకులు లెక్కగట్టారు. కొండల్లో యుగాలు పట్టే ఈ మార్పు అక్కడ ఏళ్లలోనే జరిగింది. రాయి పిండి అయ్యేకొద్దీ గాలి, నీరు తాకే మేర పెరగడమే అందుకు కారణం.

ఇలా బందీ అయ్యేది ఆ గని ఉద్గారాల్లో దాదాపు 11 శాతమే కదా అన్న ఆక్షేపణ సబబే. అయితే అది ఏ ప్రయత్నమూ లేనినాటి లెక్క. వ్యర్థాన్ని పలుచగా పరిచి, తగినంత తడి ఉంచి, అప్పుడప్పుడు కలియబెడితే వేగం పెంచవచ్చు. ఆ పనికి కాలే డీజిల్ ఉద్గారాలను ఈ లాభంలోంచి తీసేయాల్సిందే. ఇలాంటి రాళ్లలో ఆస్బెస్టాస్ నారలూ ఉండొచ్చు కనుక దుమ్ము లేవకుండా చూడాలి. అందుకే మా అభిప్రాయం ఒక్కటే: పాత వ్యర్థపు గుట్టలను శుభ్రపరిచే బాధ్యతలో వాయువును ఇలా బంధించడాన్ని చేర్చాలి, కొత్త తవ్వకాలకు సాకుగా మాత్రం ఒప్పుకోకూడదు.