విండోసును విడుచుట తప్పా?

ఈ సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాయుడని సంపాదకవర్గమువారు అడిగినప్పుడు, నేను నన్నయను గూర్చియో వేమనను గూర్చియో వ్రాయుదునని వారు తలంచియుందురు. తెలుగు పండితుని నుండి అంతకుమించి యెవరు కోరుదురు? కాని 2025వ సంవత్సరము అక్టోబరు మాసము మొదలు మన ఉపాధ్యాయుల గదియందును, తల్లిదండ్రుల సభయందును ఒకే ప్రస్తావన నడచుచున్నది. కంప్యూటరు గదిలోని యంత్రములు పాతబడినవి. వానిని గుజరీవానికి తూచి యిత్తుమా, లేక వానియందలి విండోసును తీసివేసి లినక్సును నెక్కింతుమా? ఈ విషయమున నాకొక అభిప్రాయము కలదు. అది లెక్కల మాస్టరుగారి కొంత రుచింపలేదు. ఐనను మీ ముందుంచుచున్నాను.

జరిగినదేమో ముందు చెప్పెదను. విండోస్ 10 అను వ్యవస్థ 2015 జూలై 29న వెలువడినది. దానికి ఉచితముగా నిచ్చుచు వచ్చిన రక్షణ సవరణలను 2025 అక్టోబరు 14తో ముగింతుమని మైక్రోసాఫ్టువారు చాల ముందుగనే ప్రకటించి, అట్లే ముగించిరి. ఇండ్లలో వాడుకొనువారికి మరియొక యేటి గడువు ఏర్పాటు చేసిరి గాని అది గడువు మాత్రమే. ఆనాటితో యంత్రములు ఆగిపోలేదు. మరునాడు ఉదయము పిల్లలు మీట నొక్కగా ఎప్పటివలెనే తెరలు వెలిగినవి. అందుచేతనే కొందరు “ఏమియు కాలేదు గదా!” యనుచున్నారు. నీరుగంటి మానుకొన్ననాడే చెరువు తెగదు. కట్టకు బొరియ పడినను, తూము సడలినను చూచువాడు లేని సంగతి వాన వచ్చిననాడు తెలియును.

పోనిమ్ము, 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11కు మారుదమన్నచో, అది టీపీఎం 2.0 అను రక్షణ చిప్పును, ఇంటెల్ వారిదైనచో సుమారు ఎనిమిదవ తరము మొదలుకొని వచ్చిన ప్రాసెసరును కోరును. మన గదిలోని పది యంత్రములును ఒక పూర్వవిద్యార్థి 2014లో ప్రేమతో నిచ్చినవి. తెరలు బాగున్నవి, మీటలలో రెండుమూడు అక్షరములు అరిగినవి గాని పనిచేయుచున్నవి. అవి చేసిన నేరమెల్ల 2014లో పుట్టుటయే.

మన సర్జాపుర దారి యెట్టిదో మీకు తెలియును. దొడ్డకన్నెల్లియందు విప్రో వారి ప్రధాన కార్యాలయము. ఇటు బురుగుంటెయందు అజీం ప్రేంజీ విశ్వవిద్యాలయము. నడుమ ఎన్నియో అద్దాల మేడలు. ఆ మేడలలో కాపలా కాయు తండ్రులును, గదులూడ్చు తల్లులును మన సభకు వచ్చువారిలో ననేకులు. ఇంట కంప్యూటరు లేని వారి పిల్లలకు మన గది యొక్కటే ఆధారము. ఆ గదికి తాళము పడినచో, కంప్యూటర్ల ఊరిలో పుట్టియు కంప్యూటరు ముట్టని పిల్లలుగా వారు పదవ తరగతి దాటుదురు. కావున ఇది యంత్రముల గొడవ మాత్రమే కాదు.

లినక్సు అననేమో తెలియనివారి కొరకు రెండు మాటలు. 1983లో అమెరికాయందు రిచర్డ్ స్టాల్‌మన్ అను నాతడు, ఎవరైనను వాడుకొనుటకును, లోపలి వ్రాతను చదివి సవరించుటకును, ఇతరులకు పంచుటకును హక్కు గల వ్యవస్థ నొకదానిని నిర్మింప సంకల్పించి దానికి గ్నూ అని పేరిడెను. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచుండిన లైనస్ టోర్వాల్డ్స్ అను 21 ఏండ్ల విద్యార్థి దానికి కావలసిన గర్భభాగమును వ్రాసెను. ఆ రెంటి కలయిక నుండి పుట్టిన పంపిణీలు నేడు పెక్కు కలవు. వానిలో లినక్స్ మింట్ అనునది 2 జీబీ జ్ఞాపకము గల యంత్రముపైనను నడచును, 4 ఉన్నచో సుఖముగా నడచును. మన యంత్రములకు 4 కలదు. దానికి వెల లేదు.

వెల లేకుండుట మంచిదే. కాని నేను లినక్సు పక్షము వహించుటకు కారణ మది కాదు. నా కారణము ఈ పత్రికయే.

మన పత్రిక 2009వ సంవత్సరపు సంచిక ప్రతి యొక్కటియైనను నేడు పాఠశాలలో లేదు. గ్రంథాలయపు కప్పు కారినప్పుడు తడిసి పాడైనవి. “ఏమాయెను, సీడీ యున్నది గదా” యని నేను ధైర్యముగా నుంటిని. నిరుడు ఒక పూర్వవిద్యార్థిని తాను ఎనిమిదవ తరగతిలో వ్రాసిన గేయము కావలెనని అడుగగా ఆ సీడీని తెరచితిమి. తెర నిండ రోమను లిపియు, ప్రశ్నార్థకములును, ఎవరును పలుకలేని గుర్తులును కనబడినవి. తెలుగు అక్షరము ఒక్కటియు లేదు. ఆ అమ్మాయి నవ్వినది గాని నాకు నవ్వు రాలేదు.

ఇట్లేల జరిగినది? ఆ రోజులలో అచ్చు పనికి వాడిన తెలుగు అక్షరరూపములు రోమను అక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను దాచియుంచెడివి. ఒక చోట తలకట్టు, ఒక చోట గుడి, ఒక చోట వత్తు. కంప్యూటరు దృష్టిలో అది తెలుగే కాదు. తెలుగు వేషము వేసిన ఇంగ్లీషు. ఆ వేషమును తొడుగు అక్షరరూపముల ఫైలు తోడుగా నున్నంత కాలము అంతయు సరిగనే కనబడును. అది లేని యంత్రముపై వేషము జారిపోవును. మేము ఎవరి అక్షరరూపములు వాడితిమో, ఏ అచ్చుకూటమున చేయించితిమో ఇక్కడ చెప్పను. ఆ కాలమున అందరు చేసినదే మేమును చేసితిమి. ఇంకను ఇంచుమించు అదే చేయుచున్నాము, అదియే నా బాధ.

యూనికోడు వచ్చిన పిమ్మట ఈ అవస్థ యుండవలసిన పనిలేదు. అందు తెలుగు లిపికి 128 స్థానములు కేటాయింపబడినవి. ప్రతి వర్ణమునకు ప్రపంచమంతట నొకే సంఖ్య. ‘స్త్రీ’ అను దానిని మనము ఒక్క అక్షరముగా వ్రాయుదుము గాని లోపల అది ఆరు సంఖ్యల వరుస: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘగుడి. దానిని అందముగా కూర్చి చూపుట అక్షరరూపము యొక్క పని. ఏ రూపమును మార్చినను లోపలి సంఖ్యలు చెక్కుచెదరవు. మరియొక ముచ్చట: తెలుగు స్థానములు ముగిసిన వెంటనే కన్నడ స్థానములు మొదలగును. తెలుగు ‘క’ సంఖ్య 3093. దానికి 128 కలిపిన 3221, అది కన్నడ ‘క’. ఆనేకల్ తాలూకాలో ఇంట తెలుగు, వీధిలో కన్నడము మాటలాడు మనకు, ఈ రెండు లిపులును పట్టికలో గోడకు గోడ యింటివారై యుండుట వింతగా తోచదు.

యూనికోడు విండోసులోనును కలదు గదా యని అడుగుదురు. కలదు. విండోస్ ఎక్స్‌పీ నాటినుండియే తెలుగునకు గౌతమి, కన్నడమునకు తుంగ అను అక్షరరూపములు దానితో వచ్చుచున్నవి. అందుచేత విండోసును నిందించుట నా యుద్దేశము కాదు. చిక్కెక్కడ నున్నదనగా, ఆ యంత్రములపై మన పాత అలవాటు మనల వదలుట లేదు. పాత అక్షరరూపములు అచ్చటనే యున్నవి, చేయి వానిపైకే పోవుచున్నది. లినక్సునకు మారితిమా, ఆ దారి చాలవరకు మూసికొనును. యూనికోడులో వ్రాయక తప్పదు. కొన్ని మంచి అలవాట్లు ఇల్లు మారిననే గాని అబ్బవు. అందమైన అక్షరములు దొరకవేమోనన్న భయమును అక్కరలేదు. తిరుమల కృష్ణదేశికాచార్యులుగారి పోతన, వేమన కలవు. సిలికానాంధ్రవారు స్వేచ్ఛగా విడుదల చేసినవానిలో పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన, తెనాలి రామకృష్ణ కలరు. రాయల పేర నొక అక్షరరూపము సైతము కలదు. కన్నడ రాజ్యరమారమణుడని పేరొందిన ప్రభువు మన తెలుగు పుటలపై తిరిగి కొలువుదీరుట నాకు ముచ్చటగానున్నది.

ఇక మీటల సంగతి. మన పిల్లలు కన్నడ పాఠమునకై నుడి వాడుట నేర్చియున్నారు. అది కన్నడ గణక పరిషత్తువారు చేసినది, కె.పి.రావుగారి మీటల అమరికపై నాధారపడినది. ‘క’ కావలెనన్న రోమను ‘కె’ నొక్కుదురు, వత్తు వ్రాయవలెనన్న నడుమ ‘ఎఫ్’ నొక్కుదురు. లినక్సులోని కీబోర్డుల జాబితాను తెరచి చూడగా నాకు ఆశ్చర్యము కలిగినది. అందు ‘తెలుగు (కగప)’ అని యొక అమరిక కలదు. కగప యనగా కన్నడ గణక పరిషత్తే! కన్నడము నేర్చిన వ్రేళ్ళతోనే, మరల క్రొత్తగా నేర్వకయే, తెలుగు వ్రాయవచ్చునన్న మాట. తొమ్మిదవ తరగతి పిల్ల యొకతె పది నిముషములలో తన పేరును, ఊరి పేరును, మా అందరి పేర్లును తెలుగులో కొట్టి చూపినది. నాకు రెండు దినములు పట్టినది.

తల్లిదండ్రుల సభలో ఒక తండ్రి లేచి యిట్లడిగెను: “అయ్యవారూ, మా కంపెనీలో అంతా విండోసే వాడతారు. మావాడు ఈ లినక్సు నేర్చుకొని ఏం చేసేది?” ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. బిడ్డ భవిష్యత్తును గూర్చి అడిగిన ప్రశ్న. ఆయన చొక్కా జేబులోని ఆండ్రాయిడ్ ఫోను గర్భమున నున్నది లినక్సే యని నేను చెప్పితిని. ప్రపంచమున మిక్కిలి వేగము గల 500 సూపర్ కంప్యూటర్లును 2017 నవంబరు నుండి లినక్సుపైననే నడచుచున్నవి. పొరుగు రాష్ట్రమైన కేరళములో 2001లో ఐటీ@స్కూల్ అను ప్రణాళిక ఆరంభమై, కొన్ని యేండ్లలో ప్రభుత్వ పాఠశాలలు స్వేచ్ఛా సాఫ్టువేరునకు మారినవి. పదవ తరగతి పిల్లల ప్రయోగపరీక్ష సైతము దానిపైననే జరుగుచున్నది. అచ్చటి పిల్లలకు బెంగళూరులో ఉద్యోగములు దొరకకపోవుట నేను వినలేదు. లిబ్రెఆఫీసులో పట్టిక వేయ నేర్చినవాడు ఎక్సెలులో వేయలేకపోడు. హీరో సైకిలుపై నేర్చినవాడు అట్లాసు సైకిలు త్రొక్కలేకపోవునా?

ఐనను ఒక మాట దాచరాదు. మారుట యంతయు పూలబాట కాదు. జర్మనీయందలి మ్యూనిక్ నగరపాలకులు 2003లో లినక్సునకు మారుటకు నిర్ణయించి, వేలకొలది యంత్రములు మార్చి, మరల 2017లో విండోసునకు తిరిగి పోవుటకు తీర్మానించిరి. దానికి రాజకీయ కారణములు కొన్ని యుండవచ్చును. కాని పైనున్నవారు ఆజ్ఞాపించినంత మాత్రమున క్రింద పనిచేయువారి చేతులు మారవనుట అందరు ఒప్పుకొనవలసిన సంగతి. మన లెక్కల మాస్టరుగారు ఇరువది యేండ్లుగా నొకే విధముగా మార్కుల పట్టిక వేయుచున్నారు. మీట నొకచోటి నుండి మరియొక చోటికి జరిపినచో వారికి కోపము వచ్చుట సహజము. నాకును వచ్చెడిది.

అందుచేత నా అభిప్రాయ మిది. పిల్లల గదిలోని పది యంత్రములలో తొమ్మిదింటిని వేసవి సెలవులలో లినక్సునకు మార్పవలెను. పదవదానిని విండోసుతోనే యుంచి, ఇంటర్నెట్ తీగ తీసివేసి, పాత ఫైళ్ళు తెరచుటకు మాత్రమే వాడవలెను. ఆ పాత అక్షరరూపములు దానిలోనే యున్నవి గనుక. కార్యాలయపు యంత్రము జోలికి ఇప్పుడు పోరాదు. అది క్రొత్తది, దానిలోని నుడి విండోసు కొరకు చేసినది, ప్రభుత్వమునకు పంపు పత్రములు దానినుండియే పోవుచున్నవి. మార్చుటకు ముందు నెల దినములు పెన్‌డ్రైవు నుండియే లినక్సును నడిపి చూడవచ్చును. డిస్కును ముట్టకయే అది నడచును. ప్రింటరు పలుకుచున్నదా, అచ్చుకూటమువారు యూనికోడు ఫైలును తీసికొనెదరా యను రెండు సంగతులును ఆ నెలలోనే తేలవలెను. రెండవది తేలనిచో నేనే స్వయముగా వేరొక అచ్చుకూటమును వెదకెదను.

మరియొక హెచ్చరిక నా అనుభవమునుండి. మా ఇంటి కంప్యూటరుపై తొలిసారి లినక్సు నెక్కించునప్పుడు, “డిస్కు నంతయు తుడిచివేయనా?” యని అది అడిగినది. చదువకయే సరే యంటిని. మా అమ్మాయి పెండ్లి ఫొటోలు అందులో నున్నవని ఆమె అత్తవారింటినుండి ఫోను చేసిననాడు జ్ఞాపకము వచ్చినది. తప్పు లినక్సుది కాదు, నాది. పాఠశాల యంత్రములను ముట్టుటకు ముందు, వానిలోనున్న ప్రతి ఫైలును రెండు వేర్వేరు డిస్కులపైకి ఎక్కించి, ఒకటి పాఠశాలలోను ఒకటి ప్రధానోపాధ్యాయులవారి ఇంటను ఉంచవలెను.

పాత సంచికల పని యిప్పటికే మొదలైనది. పాత అక్షరరూపముల వ్రాతను యూనికోడుగా మార్చు సాధనములు కలవు గాని అవి వత్తుల దగ్గర తడబడును. ప్రతి పుటను మూలముతో పోల్చి దిద్దవలసి యున్నది. 2009వ సంచికకు మూలమే లేదు. ఆ యేట మన పాఠశాలలో చదివినవారి ఇండ్లలో, అటకపై ట్రంకుపెట్టెలోనో, అమ్మవారి పటము వెనుకనో ఒక ప్రతి యుండినచో దయచేసి తెచ్చి చూపవలెను. పుటలు ఫొటో తీసికొని అప్పుడే తిరిగి యిచ్చెదము. నేను ప్రతి శనివారము మధ్యాహ్నము రెండు గంటలనుండి కంప్యూటరు గదిలోనే యుందును. ఆ అమ్మాయి గేయపు మొదటి చరణము మాత్రము ఆమెకే జ్ఞాపకమున్నది; తక్కినది కావలెను.