కంచంలో తేలని లెక్క

వాతావరణ మార్పు మీద తెలుగులో జరిగే చర్చల్లో ఒక అభిప్రాయం దాదాపు సిద్ధాంతమైపోయింది. మాంసం తినేవారు భూమికి భారమనీ, అన్నం, పప్పు, పెరుగు తినేవారు ప్రకృతికి కీడు చేయనివారనీ, కనుక మాంసం మానితే భూతాపమూ జీవజాతుల నష్టమూ చాలావరకు తగ్గిపోతాయనీ ఆ అభిప్రాయం సారాంశం. దీనికి ఆధారంగా చూపే అంకెలు అబద్ధాలు కావు. జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ అనే శాస్త్రవేత్తలు 119 దేశాల్లోని సుమారు 38,700 వ్యవసాయ క్షేత్రాల సమాచారాన్ని క్రోడీకరించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రపంచ వ్యవసాయ భూమిలో 83 శాతం మాంసం, పాలు, గుడ్లు, చేపల ఉత్పత్తి కిందే ఉన్నా వాటినుంచి మనుషులకు అందే కేలరీలు 18 శాతమేనని తేల్చారు. అదే అధ్యయనం ఒకే ఆహారపదార్థం వల్ల కలిగే నష్టంలో కూడా క్షేత్రానికీ క్షేత్రానికీ మధ్య ఎన్నో రెట్ల తేడా ఉంటుందని చూపింది. మొదటి అంకెకు దక్కిన ప్రచారం ఈ రెండో నిర్ధారణకు దక్కలేదు.

జంతు ఉత్పత్తుల్లో తక్కువ హాని చేసేవి కూడా సాధారణంగా పప్పుధాన్యాల కంటే భారమైనవేనన్న మాటను ఇక్కడ కాదనడం లేదు. ఖండించవలసింది, ప్రపంచపు సగటు నుంచి తీసిన ఆ మాటను తెలుగు నేల మీదికి యథాతథంగా తెచ్చి, మనిషి ఏం తింటున్నాడన్న ఒక్క ప్రశ్నతోనే దోషులనూ నిర్దోషులనూ విడదీసే పద్ధతిని.

ఆ పద్ధతిలోని లోపం ఒంగోలు జాతి పశువు చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. ప్రకాశం జిల్లా నల్లరేగడి భూముల్లో ఈ పశువు తరతరాలుగా మనుషుల తిండికి పనికిరాని జొన్నచొప్పతోనూ, నేలలో నత్రజనిని నిలిపే పిల్లిపెసరతోనూ పెరిగి, దుక్కి దున్ని, బండి లాగి, నేల ఇచ్చినదాన్ని పశువుల ఎరువు రూపంలో తిరిగి నేలకే చేర్చింది. పందొమ్మిదో శతాబ్దం నుంచి 1960ల దాకా విడతలు విడతలుగా బ్రెజిల్ చేరిన ఈ జాతి, నెల్లూరు పేరు మీద అక్కడ ‘నెలోరె’ అయింది; ఇరవై కోట్లకు పైబడిన ఆ దేశపు పశువుల్లో నేడు అధికభాగం ఆ రక్తానివే. అమెజాన్‌లో నరికిన అడవిలో అత్యధిక భాగం మేతభూములుగా మారిందన్న వాస్తవాన్ని దీని పక్కన పెట్టి చూస్తే, ఒకే జాతి పశువు ఒకచోట పొలానికి ఆధారమైందనీ, మరోచోట అడవి నాశనానికి కారణమైందనీ తెలుస్తుంది. ఈ తేడాను పశువు ఒంటిలో వెతికితే దొరకదు. దానికి మేత ఎక్కడినుంచి వస్తున్నది, దాని కోసం ఏ నేల ఏ రూపంలోంచి ఏ రూపంలోకి మారింది అని అడిగితేనే దొరుకుతుంది.

అదే ప్రశ్న అన్నాన్నీ అడగాలి. నీరు నిలిచిన వరిమడిలో మట్టికి గాలి అందదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు అక్కడి సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెడుతూ మీథేన్ అనే వాయువును పుట్టిస్తే, వరి మొక్క లోపలి గాలిగొట్టాలే దాన్ని పైకి చేరవేస్తాయి. అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే మీథేన్ వందేళ్ల లెక్కన సుమారు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన సుమారు 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. మనుషుల పనుల వల్ల ప్రపంచంలో వెలువడే మీథేన్‌లో 8 నుంచి 10 శాతం దాకా వరిమళ్లదే. మొక్క అందుకోని యూరియా నుంచి వెలువడే నైట్రస్ ఆక్సైడ్ ఇంతకంటే తీవ్రమైనది, దాని ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 273 రెట్లు. తెలంగాణలో 2014-15లో వానాకాలం, యాసంగి కలిపి సుమారు 35 లక్షల ఎకరాల్లో ఉన్న వరి 2022-23 నాటికి కోటి ఎకరాలు దాటింది. ఆ పంటకు పారే నీటిలో గణనీయమైన భాగం బోరుబావులది, వాటి మోటార్లను నడిపే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుది. ధాన్యాలన్నిటిలోకీ వాతావరణానికి భారమైన ధాన్యాన్ని మూడుపూటలా వడ్డించుకుంటూ ఆ కంచాన్ని నిర్దోషి అనడం శాస్త్రం అనిపించుకోదు.

పెరుగు విషయంలో శాకాహార వాదం మరింత బలహీనమైనది. నెమరువేసే పశువు పొట్టలో మేత పులిసేటప్పుడు మీథేన్ పుడుతుంది. తనను పాలకు పెంచుతున్నారా మాంసానికి పెంచుతున్నారా అన్న వివేచన ఆ పొట్టకు లేదు. పాలివ్వాలంటే గేదె ఈనాలి, ఈనిన దూడల్లో సగం మగవి ఉంటాయి, వాటి గతి ఏమిటన్న ప్రశ్నను ఈ వాదం తన గుమ్మంలోకి రానివ్వదు. పిండివంటలు వేగే పామాయిల్ సంగతి చెప్పనే అక్కర్లేదు: ప్రపంచంలో దాన్ని అత్యధికంగా దిగుమతి చేసుకునే దేశం భారతదేశమే, సుమత్రా, బోర్నియో దీవుల్లో ఒరాంగుటాన్లు బతికే అడవులను తొలిచిన ప్రధాన పంటల్లో అది ఒకటి.

జీవవైవిధ్యం, అంటే ఒక ప్రాంతంలోని జీవజాతుల వైవిధ్యమూ, ఆ జాతుల లోపలి రకాల వైవిధ్యమూ, అవి కలిసి బతికే ఆవాసాల వైవిధ్యమూ, దోషులూ నిర్దోషులూ అన్న ఈ విభజనను ఇంకా గట్టిగా నిరాకరిస్తుంది. 1848లో జెర్డన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త కనుగొన్న కలివికోడి చాలా దశాబ్దాలు కనిపించక అంతరించిందనుకున్న తరువాత 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ బయటపడింది. రాత్రిపూట తిరిగే ఈ పక్షికి కావలసింది దట్టమైన అడవి కాదు, పొదకూ పొదకూ మధ్య నేల కనిపించే ముళ్ల చిట్టడవి. గొర్రెలూ మేకలూ పరిమితంగా మేయడం ఆ పలచదనాన్ని నిలపడానికి తోడ్పడుతుందనీ, మేత బొత్తిగా ఆగితే పొదలు కమ్ముకుంటాయనీ, మితిమీరితే పొదలే మిగలవనీ అక్కడ పనిచేసిన పరిశోధకులు గమనించారు. ఆ చిట్టడవిని కోసింది తెలుగుగంగ కాలువ తవ్వకమూ, పొదలు కొట్టి వేసిన పొలాలూ తోటలూ. మితంగా మేసిన మంద నిలిపిన ఆవాసాన్ని సాగులోకి వచ్చిన ఎకరం చెరిపివేయగలదన్నది మాంసాన్నే శత్రువుగా చూసే వాదంలో ఎక్కడా ఇమడదు.

పొలం లోపలి నష్టం ఇంకా నిశ్శబ్దంగా జరుగుతోంది. జహీరాబాద్ ప్రాంతపు మెట్టచేలలో జొన్న, కంది, పెసర, అనుము వంటివి కలిపి విత్తే సాగును పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా రైతులు నిలబెట్టుకున్నారు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి లభించింది. అటువంటి చేలో ఎవరూ విత్తకుండా మొలిచే గునుగు, తుమ్మి, పొన్నగంటి వంటివి కూరాకులవుతాయి. ఆ గునుగు పువ్వే బతుకమ్మలో వరుసలు కడుతుంది. కలుపుమందు కొట్టి ఒకే రకం పైరును నిలిపిన పొలంలో వాటికి చోటు లేదు, వాటిని ఆశ్రయించే పురుగులకూ, ఆ పురుగుల మీద బతికే పిట్టలకూ చోటు లేదు. ఆ పొలంలో పండింది పూర్తిగా శాకాహారమే.

ఇదంతా మాంసానికి మినహాయింపు కోరడం కాదు. తెలుగువారు నేడు తినే మాంసంలో ముఖ్యమైన బ్రాయిలర్ కోడి మొక్కజొన్న, సోయా పొలాల మీద బతుకుతుంది కనుక ఆ పొలాల భారమంతా దానిదే. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తించిన తరువాత కూడా, సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వమే కూల్చవలసి వచ్చింది. చేప విషయంలోనూ చెరువు ఎక్కడ తవ్వారన్నదే అసలు ప్రశ్న.

కంచం మీదే చూపు నిలిపినందువల్ల కలిగిన పెద్ద కీడు ఏమిటంటే, ఆ కంచాన్ని నింపిన విధానాలు విమర్శకు అందకుండా పోయాయి. మెట్టప్రాంతాల ప్రజలు జొన్న సంకటినీ కొర్రన్నాన్నీ కేవలం రుచి మారి వదల్లేదు. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పేదల ఆకలిని తీర్చింది, అది గొప్ప మేలు. అయితే రాయితీ ధర బియ్యానికే, కాలువ నీరు వరికే, ఉచిత విద్యుత్తుతో ఎక్కువ లాభం వరికే, నమ్మకమైన కొనుగోలూ వరికే దక్కడంతో మెట్టపంటలకు పొలంలోనూ వంటింట్లోనూ చోటు తగ్గిపోయింది. దశాబ్దాల ప్రభుత్వ నిర్ణయాలు తయారుచేసిన తిండిని వ్యక్తుల అభిరుచిగా లెక్కగట్టి, దాని మీద పాపపుణ్యాలు పంచడం న్యాయం కాదు.

వరిని కూడా ఇంత భారం లేకుండా పండించవచ్చు. మడిని మధ్యమధ్య ఆరనిచ్చి మళ్లీ తడిపే ఆరుతడి పద్ధతిలో మీథేన్ సుమారు సగానికి తగ్గుతుంది, నీరు 30 శాతం దాకా మిగులుతుంది. సూక్ష్మజీవులకు గాలి తగలనివ్వడమే ఇందులోని కిటుకు. దీనికి రైతు పెట్టవలసింది ఖర్చు కంటే ఎక్కువగా జాగ్రత్త, పూటపూటకూ మడి చూసుకునే ఓపిక. ఆ ఓపికకు విలువ కట్టే ఏర్పాటు ధాన్యం కొనుగోలులో లేదు. కాంటా ఎక్కే ముందు ధాన్యంలో తేమ 17 శాతం దాటిందేమోనని యంత్రం పెట్టి చూస్తారు, తాలు ఎంతో, మట్టిబెడ్డలు ఎన్నో చూస్తారు. నిలువునీటిలో పండిందా, ఆరుతడిలో పండిందా అని అడిగేవారు లేరు, రెండింటికీ మద్దతు ధర ఒకటే.