ట్యాబ్ ఎవరి పీరియడ్ తింటుంది?

52లోంచి 27 తీసేస్తే ఎంత? రెండో తరగతి పిల్లలని అడిగి చూడండి, కొందరు 35 అంటారు. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చూడగానే తెలిసిపోవాలి, ఇది గుడ్డిగా కొట్టిన జవాబు కాదు, బగ్. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తియ్యాలన్న రూలు పట్టుకుని, ఏది పైన ఉంది ఏది కింద ఉంది అని చూడకుండా 7లోంచి 2, 5లోంచి 2 తీసేశాడన్నమాట. 1978లోనే బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి తీసివేతల తప్పులన్నీ ముందేసుకుని తేల్చిన విషయం కూడా ఇదే: పిల్లల తప్పుల్లో చాలావరకు ఎడాపెడా చేసేవి కావు, ఒక తప్పు రూలుని బుద్ధిగా పాటించడం వల్ల వచ్చేవి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఏలూరులో నాతో చదువుకున్న వాళ్ళంతా తలా కొంత వేసుకుని, కైకలూరు అవతల కొల్లేటి లంకల్లో ఒక ఎలిమెంటరీ బడికి ట్యాబ్‌లు కొనిద్దామంటున్నారు. రెండు, మూడు తరగతులకి లెక్కల కోసం, తలకొకటి. నేను వద్దన్నాను. సాఫ్ట్‌వేర్ వాడివై ఉండి నువ్వే వద్దంటావేంటని ఒకటే గోల. ట్యాబ్ వద్దనలేదు బాబూ, ఆ లెక్కన వద్దన్నాను.

నేను చూసిన ఆప్‌లలో ఎక్కువ వాటికి 35 అన్నా, 91 అన్నా ఒకటే. ఎర్ర ఇంటూ మార్కు, ఓ టుంయ్ మన్న చప్పుడు, తర్వాత ప్రశ్న. అదే మా పిన్ని అయితే (చాలా ఏళ్ళు పంతులమ్మగా చేసింది) "ఎలా చేశావురా, ఏదీ నాకు చెప్పు" అంటుంది. డీబగ్గింగ్ అంటే అదే కదండీ!

మరి ట్యాబ్ దండగా అంటే, అదీ కాదు. గుజరాత్‌లో జరిగిన రెండు ప్రయోగాలు చూడండి. వడోదరలో 2002-04 మధ్య నాలుగో తరగతి పిల్లలకి ప్రథమ్ సంస్థ వారానికి రెండు గంటలు కంప్యూటర్లో లెక్కల ఆటలు ఆడించింది. ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు. రెండో ఏడు చివరికి లెక్కల మార్కులు 0.47 స్టాండర్డ్ డీవియేషన్ పెరిగాయి. చిన్న విషయం కాదది. కాకపోతే ఆపేసిన ఏడాదికి అందులో చాలా భాగం కరిగిపోయింది. రెండోది జ్ఞాన్‌శాల బళ్ళలో, రెండు మూడు తరగతుల మీదే. లీ లిండెన్ 2008లో రాసిన దాని ప్రకారం, టీచరు చెప్పే సమయం తీసేసి కంప్యూటర్ పెడితే పిల్లలు వెనకబడ్డారు. అదే కంప్యూటర్‌ని బడి అయ్యాక అదనంగా పెడితే ముందుకెళ్ళారు. కంప్యూటర్ మారలేదు, సాఫ్ట్‌వేర్ మారలేదు. మారిందల్లా అది ఎవరి టైము తీసుకుంది అన్నదే.

ఇంకో సంగతి భాష. పదమూడు అంటే పది, మూడు. ఇరవై ఏడు అంటే ఇరవై, ఏడు. పదులు ముందు, ఒకట్లు తర్వాత, రాసే వరసలోనే పలుకుతాం. థర్టీన్‌లో ఆ వరస తిరగబడుతుంది, పైగా థర్టీకి థర్టీన్‌కి చెవిలో తేడా తెలిసి చావదు. స్థానవిలువలు నేర్చుకునే వయసులో తెలుగు పిల్లకి నోట్లోనే ఉన్న సాయాన్ని ఇంగ్లీషు ఆప్ లాగేసుకుంటుంది. ఇక ఉదాహరణలా, అన్నీ పిజ్జా ముక్కలు. రొయ్యల చెరువు పక్కన పెరిగే పిల్లకి కౌంటు తెలుసు: కిలోకి 30 తూగితే 30 కౌంటు, 100 తూగితే 100 కౌంటు. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, రేటు తక్కువ. భాగహారం గుమ్మంలో కూర్చుని ఉంటే పిజ్జా దాకా పోవడం ఎందుకు? తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఓ గంట నిలబడితే ఎక్కాల పుస్తకం మొత్తం వినపడుతుంది.

మన రాష్ట్రం అనుభవం కూడా ఉంది. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి, టీచర్లకి బైజూస్ పాఠాలతో ఐదు లక్షల పైచిలుకు ట్యాబ్‌లు పంచింది. 2024 జూలైకి ఆ కంపెనీ దివాలా కోర్టులో ఉంది. ప్రభుత్వం ఏదన్నది కాదు నా బాధ. పాఠం ఒక కంపెనీది, పరికరం ఇంకో కంపెనీది అయినప్పుడు మెయింటెనెన్స్ ఎవరిది అని మనం ప్రాజెక్టులో మొదటి రోజే అడుగుతాం. బడి విషయంలో ఎందుకు అడగం?

అందుకే నేను మావాళ్ళకి చెప్పింది ఇదీ. ఇద్దరికొకటి చాలు. రాత్రికి బీరువాలో తాళం. బడి వదిలాక వారానికి రెండు మూడు రోజులు, ఓ గంట. నెట్ లేకపోయినా నడవాలి, తెలుగులో మాట్లాడాలి, ఎవరు ఏ తప్పు చేశారో మర్నాడు టీచరుకి చూపించాలి. సగం ట్యాబ్‌లు తగ్గితే మిగిలిన డబ్బుతో ఊళ్ళోనే డిగ్రీ చదివిన ఓ అమ్మాయికి జీతమిచ్చి, ఆ గంట పిల్లల పక్కన కూర్చోబెడదాం. ఫోటోలో అంత బాగా పడదు, నిజమే. తలకో ట్యాబ్ పట్టుకుని నవ్వుతున్న పిల్లల ఫోటో వేరు. కానీ 35 అన్న పిల్లాడి దగ్గర ఆగి ఎలా వచ్చిందిరా అని అడిగేది ఆ అమ్మాయే.

మీరూ మీ ఊరి బడికి ఇలాంటిదేదైనా ఇద్దామనుకుంటే కాన్ఫిగరేషన్లు, రేట్లు తర్వాత చూసుకోండి. ముందు హెడ్మాస్టరు గారిని ఒక్కటే అడగండి: ఏమండీ, ఇది ఎవరి పీరియడ్ తింటుంది?