ఆసుపత్రిలో చరవాణి ఎవరిది?

సెల్‌ఫోనుకు మనవాళ్ళు కల్పించిన ‘చరవాణి’ అన్న మాట నాకెంతో ఇష్టం. చరించేది వాణి, తెర కాదు. ఆసుపత్రి సిబ్బందికి ఎటువంటి సాధనం ఇవ్వాలన్న విచారణలో మొదట గ్రహించవలసినది ఈ భేదమే.

పేజర్ల కథ చూడండి. మన దేశంలో సెల్‌ఫోన్ల ధాటికి అవి త్వరలోనే కనుమరుగయ్యాయి. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులలో మాత్రం 2019 నాటికి కూడా సుమారు 1,30,000 పేజర్లుండేవి. 2021 చివరికల్లా వాటిని తొలగించాలని అక్కడి ఆరోగ్యశాఖ మంత్రి అప్పుడు ఆదేశించారు. అంతకాలం అవి నిలవడం వట్టి ఛాందసం కాదు. అత్యవసర పేజరు మనిషి పేరున కాక బాధ్యత పేరున మ్రోగేది. పూట మారితే చేయి మారేది.

మా సీమకు వద్దాం. పెద్దలు ఏనుగు మల్లమ్మ కొండ అని పిలిచిన హార్స్లీ హిల్స్ వంటి కొండల చాటు పల్లెలకు టవరు తరంగాలు సరిగా అందకపోవడం సహజం. కుప్పమా, మూడు రాష్ట్రాల కూడలి. అంచు గ్రామాలలో ఫోను పొరుగు రాష్ట్రపు టవరును పట్టుకోవచ్చు. రోగుల నోట తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినబడతాయి. ఇటువంటి చోట ఫోను కొనేముందు ఏ సంస్థ సిగ్నలు నిలకడగా అందుతుందో ఊరూరా, వార్డు వార్డుకూ తిరిగి పరీక్షించాలి.

2016లో మన రాష్ట్రంలో ఏఎన్ఎంలకు ‘అన్మోల్’ పేరిట టాబ్లెట్లు వచ్చాయి. మంచిదే. కాని లెక్క వ్రాసే పలక వేరు, ఆపదలో పిలిచే గొంతు వేరు.

సొంత ఫోనుతోనే పని జరిపిస్తే చవక కదా అంటారు. చవకే! ఆ ఖర్చు నర్సమ్మ కొంగుముడిలోంచి పోతుంది. సెలవునాడు కూడా ఇంట్లో మ్రోగుతుంది. రోగి ఎక్స్‌రే, పేరుతో సహా, ఆమె ఇంటి పెళ్ళిఫోటోల పక్కన చేరుతుంది. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం చేసుకొన్న దేశంలో ఇది తగునా? క్షయ చికిత్సకు పేరుపడ్డ ఆరోగ్యవరం ఉన్న మదనపల్లెకు వేరే చెప్పాలా, రోగం పేరు పొక్కితే ఆడపిల్ల పెళ్ళి ఆగిపోయే రోజులుండేవని?

కనుక నా మాట ఇది. వార్డుకొక ఫోను, పూటకొక చేయి. స్పిరిటుతో తుడిచినా చెడనిది, పూటంతా బ్యాటరీ నిలిచేది, రెండు సిమ్ములు పట్టేది, తెలుగు అక్షరం చూపేది అయితే చాలు. అది వార్డు గడప దాటరాదు. గడప దాటిన నర్సమ్మను అది పిలవనూరాదు.