పసికందుకు తొలి మందు తల్లి ఒడే

పుట్టిన రెండో రోజుకో మూడో రోజుకో బిడ్డకు వణుకు మొదలవుతుంది. సన్నటి కీచుగొంతుతో గుక్కపట్టి ఏడుస్తుంది. ఆకలికి పిడికిలి చప్పరిస్తుంది గానీ పాలు పడితే సరిగా తాగలేదు. తుమ్ములు, ఆవులింతలు, చెమటలు, నీళ్ల విరేచనాలు. కడుపుతో ఉండగా తల్లి వాడిన హెరాయిన్, మెథడోన్, ఘాటైన నొప్పి మాత్రలు మాయ గుండా బిడ్డకూ అందాయి. బొడ్డుతాడు కోయడంతో అవి ఒక్కసారిగా ఆగిపోయాయి. వాటికి అలవాటుపడిన చిన్ని ఒళ్లు తల్లడిల్లుతోంది. అమెరికాలో 2017లో ఆస్పత్రుల్లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో ఏడుగురికి పైగా శిశువులది ఇదే బాధ. వెస్ట్ వర్జీనియాలో ఆ సంఖ్య 50 దాటింది.

దశాబ్దాల పాటు ఆస్పత్రులు చేసిన పని ఒకటే: బిడ్డను తల్లి దగ్గర నుంచి తీసుకెళ్లి నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగమైన ఎన్‌ఐసీయూలో పెట్టడం. అక్కడ రాత్రీపగలూ లైట్లు, మానిటర్ల మోత. కొన్ని గంటలకోసారి నర్సు ఒక పట్టికతో వస్తుంది. ఫిలడెల్ఫియా వైద్యురాలు లొరెట్టా ఫిన్నెగన్ 1975లో రూపొందించిన పట్టిక అది. మూడు నాలుగు సార్లకు మించి తుమ్మితే ఒక పాయింటు, ఆవులిస్తే ఇంకొకటి, కీచుగా ఏడిస్తే రెండు, ఆపకుండా ఏడిస్తే మూడు. మొత్తం వరుసగా మూడుసార్లు ఎనిమిదో ఆపైనో వస్తే మార్ఫిన్ చుక్కలు మొదలు. ఆ మోతాదును కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావడానికి వారాలు పట్టేది.

ఫిన్నెగన్ చేసిన మేలు చిన్నది కాదు. ఎవరికి తోచినట్టు వాళ్లు వైద్యం చేస్తున్న రోజుల్లో ఆమె ఒక కొలత ఇచ్చింది. చిక్కల్లా ఆ కొలత తీసే తీరులోనే ఉంది. వణుకు ఎంతుందో చూడాలంటే బిడ్డను కదిలించాలి. తల్లికి దూరంగా, వెలుతురులో, పొత్తిళ్లు విప్పి కదిలిస్తే ఏ బిడ్డయినా ఏడుస్తుంది. ఆ ఏడుపుకీ పాయింట్లు పడతాయి.

యేల్ విశ్వవిద్యాలయ పిల్లల ఆస్పత్రిలో డాక్టర్ మాథ్యూ గ్రాస్‌మన్ బృందం ఈ పద్ధతిని తిరగరాసింది. పాయింట్ల లెక్క పక్కనపెట్టి మూడు సంగతులే చూసింది. బిడ్డ ఒక ఔన్సు పాలైనా తాగిందా? మధ్యలో లేవకుండా గంటసేపు నిద్రపోయిందా? ఏడిస్తే పది నిమిషాల్లో ఊరుకుందా? మూడూ జరుగుతుంటే ఎన్ని తుమ్ములొచ్చినా మార్ఫిన్ అక్కర్లేదు. జరగకపోతే ముందు తల్లి ఒడి, చనుబాలు, పొత్తిళ్లు, మసక వెలుతురు, సద్దులేని గది. అప్పటికీ కుదుటపడకపోతేనే మందు.

ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. కడుపులో ఉండగా మెథడోన్ సోకిన పిల్లలు ఆస్పత్రిలో సగటున 22.4 రోజులు ఉండాల్సి వచ్చేది, అది 5.9 రోజులకు దిగింది. మార్ఫిన్ అవసరమైనవాళ్లు 98 శాతం నుంచి 14 శాతానికి తగ్గారు. ఒక్కో బిడ్డకు అయ్యే ఖర్చు 44,824 డాలర్ల నుంచి 10,289 డాలర్లకు పడిపోయింది.

ఒక్క ఆస్పత్రి అనుభవాన్ని నమ్మి ఎలా మారతామని కొందరు వైద్యులు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు 2023లో వచ్చింది. 26 అమెరికా ఆస్పత్రుల్లో 1,305 మంది శిశువులపై జరిగిన అధ్యయనంలో, పాత పద్ధతిలో ఇంటికి పంపదగ్గ స్థితికి రావడానికి 14.9 రోజులు పడితే కొత్త పద్ధతిలో 8.2 రోజులే పట్టింది. మందు వాడాల్సి వచ్చినవాళ్లు 52 శాతం నుంచి 19.5 శాతానికి తగ్గారు. ఐదుగురిలో ఒకరికి మందు కావాల్సే వచ్చింది, అది మరవకూడదు. ఒడి ఉంది కదా అని మార్ఫిన్ సీసా పారేయమని ఎవరూ అనడం లేదు.

అయితే తల్లే మందు అయినప్పుడు ఆ తల్లిని దొంగలా చూస్తే ఎలా? అమెరికాలోని టెనెసీ రాష్ట్రం 2014లో ఇలా మత్తుమందు వాడిన తల్లులపై దాడి కేసు పెట్టే చట్టం తెచ్చింది. జైలు భయంతో గర్భిణులు ఆస్పత్రి గడప తొక్కడం మానేస్తారని వైద్యులు మొత్తుకున్నారు. రెండేళ్లకు ఆ చట్టం గడువు తీరింది, చట్టసభ పొడిగించలేదు. నిజానికి గర్భిణి మత్తుమందు ఉన్నట్టుండి ఆపడమే ప్రమాదం. డాక్టర్ల పర్యవేక్షణలో మెథడోన్ గానీ బూప్రెనార్ఫిన్ గానీ వాడటమే సరైన వైద్యం. అలా బుద్ధిగా మందు వాడిన తల్లి బిడ్డకూ వణుకు రావచ్చు. ఆమెను తప్పుపట్టడం అన్యాయం. చికిత్స నిలకడగా సాగుతుంటే ఆమె పాలు కూడా ఇవ్వవచ్చు.

ఇది మనకు దూరపు సంగతి అనుకోవడానికి లేదు. దేశంలో సుమారు 2.26 కోట్ల మంది నల్లమందు జాతి మత్తు పదార్థాలు వాడుతున్నారని కేంద్రం ఎయిమ్స్‌తో చేయించిన సర్వే 2019లో తేల్చింది. తెలంగాణలో కల్లులో కలిపే ఆల్ప్రజోలం వేరే జాతి మందు. కానీ అదీ అలవాటు చేసేదే. కడుపుతో ఉన్నామె అలాంటివి వాడితే పుట్టిన బిడ్డకు వణుకు తప్పకపోవచ్చు.

అందుకే గర్భిణికి బీపీ, షుగర్ చూసేటప్పుడే కల్లు, నిద్రమాత్రలు, నొప్పి మాత్రల సంగతి కూడా మామూలుగా, కసురుకోకుండా అడగాలి. బిడ్డ వణుకుతుంటే బాలింతను వార్డు బయట కూర్చోబెట్టకూడదు. బిడ్డ పక్కనే ఆమెకు మంచం, వేళకు భోజనం ఏర్పాటు చేయాలి. జిల్లా ఆస్పత్రుల సూపరింటెండెంట్లు రేపటి నుంచే మొదలుపెట్టగల పని ఇది.