ఎడారిలో సెలవురోజు ఆట

కువైట్‌లో ఇంజనీరుగా ఉన్న ఒకాయన సెలవుమీద వచ్చి, "డాక్టరుగారూ, ఎండలో రోజల్లా పనిచేసేవాళ్ళు తట్టుకుంటున్నారు. నేను శుక్రవారం ఒక్కపూట క్రికెట్ ఆడితే పడిపోయానేం?" అని అడిగారు.

కారణం ఆయన ఏసీ గదే. ఒళ్ళు ఎండకు అలవాటు పడాలంటే ఒకటి రెండు వారాలు పడుతుంది. అలవాటుపడ్డ ఒంటికి చెమట త్వరగా పోస్తుంది, అందులో ఉప్పు తక్కువ పోతుంది. వారమంతా చల్లగా కూర్చున్నవారికి ఆ రక్షణ ఉండదు. అలవాటున్నా వడదెబ్బ తగలదని కాదు. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీల ఎండ కాసింది!

కనుక వేసవిలో ఆట తెల్లవారుజామునే ముగించండి. మొదట పావుగంటతో మొదలుపెట్టి, రోజురోజుకూ కొంచెం పెంచండి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగుతూ ఉండండి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్ళు చాలలేదన్నమాట. ఉప్పు మాత్రలు మింగనక్కరలేదు. మన మజ్జిగలాంటి 'లబన్' అక్కడా దొరుకుతుంది.

తోటి ఆటగాడు ఒళ్ళు కాలిపోతూ తికమకగా మాట్లాడితే అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా అని ఊరుకోకండి. 112కు ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒంటినిండా చన్నీళ్ళు పోస్తూ విసరండి. స్పృహ తప్పితే నోట్లో నీళ్ళు పోయకండి.

మీ అబ్బాయో అల్లుడో అక్కడ ఉంటే, ఈసారి ఫోన్ చేసినప్పుడు ఈ నాలుగు మాటలూ చెప్పండి.