కవలలు ఎవరి వంశపు వరుస?

కోడలికి కవలలు జన్మించగానే “ఇది మా వంశపు వరం” అని మురిసే అత్తవారే, పోషణ భారమైనప్పుడు “ఇది నీ పుట్టింటి వరుస” అని నిందించడం కొన్ని ఇళ్ళలో వినిపిస్తుంది. వాస్తవమేమిటో తెలుసుకుందాం.

ఫలదీకరణ చెందిన ఒకే అండం రెండుగా విడిపోతే ఒకే పోలిక గల కవలలు కలుగుతారు. ఇది సాధారణంగా వంశపారంపర్యం కాదు. ఒకే నెలలో రెండు అండాలు విడుదలై, రెండూ ఫలదీకరణ చెందితే వేర్వేరు పోలికల కవలలు కలుగుతారు, మూడైతే ముగ్గురు. ఇలా ఒకటికి మించి అండాలు విడుదలయ్యే స్వభావమే కుటుంబాలలో తరతరాలుగా వస్తుంది. దీనికి సంబంధించిన రెండు జన్యు భేదాలను శాస్త్రజ్ఞులు 2016లో గుర్తించారు. అండం భార్యది గనుక భర్త వంశపు వరుస ఆమె కాన్పులో పనిచేయదు. అయితే అతడు ఆ గుణాన్ని తన కుమార్తెకు అందించగలడు.

సంతానం అల్లాహ్ సంకల్పానుసారం లభిస్తుందని సూరా అష్షూరా (42:49-50) బోధిస్తుంది. జన్యువులు ఆయన ఏర్పరచిన కారణాలు మాత్రమే. అటువంటప్పుడు వరాన్ని తమకు, భారాన్ని కోడలికి పంచడం అన్యాయం. ఒక బిడ్డను అత్తగారు, మరొక బిడ్డను భర్త ఎత్తుకొని, ఆ బాలింతను కాసేపు నిద్రపోనివ్వడం కూడా అల్లాహ్‌కు చెల్లించే షుక్రే.